అత్తయ్య కంప్యూటరూ, అంకెల పాటలూ

హాపై దీవులు,
16 ఏప్రిల్ 2012

నా తమ్ముడి కొడుకు లోపేటీకి మేనత్త లెసియెలి రాసేది.

ఈ ఉదయం దాకా మమ్మల్ని నిలిపిన దేవుడికి ముందుగా కృతజ్ఞత. నువ్వాయన్ని నమ్మడం మానేశావని విన్నాను. ఆయన మాత్రం నిన్ను నమ్మడం మానలేదు. ఆ సంగతి ఎదురుపడినప్పుడు మాట్లాడుకుందాం.

ఇక్కడ అందరం క్షేమం. నల్లపంది ఏడు పిల్లల్ని పెట్టింది. వాననీళ్ల తొట్టికి మళ్లీ చిల్లు పడింది. అసలు సంగతి కంప్యూటర్. మీ బాబాయి ఆక్లండ్ నుంచి పంపి పదేళ్లయింది కదా, ఇప్పుడది ముసలిదైపోయింది. మీట నొక్కి, పొయ్యి వెలిగించి, సీమపనస కాయ కాల్చి, తిని, చేతులు కడుక్కుని వచ్చినా తెర మీద ఆ ఇసుకగడియారం బొమ్మ అలాగే నిలబడి ఉంటుంది.

జూన్ 24 ఆదివారం మన గుడికి నూరేళ్లు నిండుతాయి. ఆ రోజు మీ తాత కట్టిన పదకొండు పాటలూ పాడతామని గాయకబృందం తరఫున నేనే మాటిచ్చాను. ఆయన ఏదీ కాగితం మీద పెట్టిన మనిషి కాదు. నల్లబల్ల మీద స్వరానికో అంకె వేయడం, పాడించడం, తడిగుడ్డతో తుడిచేయడం. నేను చాటుగా రాసుకున్న పుస్తకం తుపానులో తడిసింది, మిగిలింది చెదలకి పోయింది. దాన్ని పట్టి పట్టి చదివి, మూడు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఏడంకెల్లో, నాలుగు గొంతుల స్వరాలూ నాలుగేళ్లు కూర్చుని ఈ డబ్బాలోకి ఎక్కించాను. ఎక్కించడం అయ్యేసరికి పుస్తకం వేళ్ల మధ్యే పొడైపోయింది. ఇక ఆ పాటలున్నది ఈ డబ్బాలోనే.

ఇప్పుడు అరవైమందికి ప్రతులు తీయాలి. ఒక పాట తెరుచుకోవడానికి ఒక పూట పడుతోంది. పాస్టరుగారు వచ్చి చూసి, "ఎందుకమ్మా లెసియెలి ఈ యాతన? కొత్తది తెప్పిద్దాం. దీన్ని బావి వెనక గుంతలో పూడ్చేద్దాం" అన్నారు.

రేవులో పని చేస్తూ నువ్వు యంత్రాలు బాగుచేయడం నేర్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఏం చేయాలో రాయి. తిట్లు లేకుండా రాయి.

మీ మేనత్త


నుకుఅలోఫా,
23 ఏప్రిల్ 2012

గౌరవనీయులైన అత్తయ్యకి,

పూడ్చడమా! నిక్షేపంలాంటి యంత్రాన్ని పూడ్చడమా! ఆ మాట చదివి లేచి నిలబడిపోయాను. నా పక్కన అన్నం తింటున్నవాడి పళ్లెం నా కాలు తగిలి పడిపోయింది.

అత్తయ్యా, ఇది కుట్ర. నా దగ్గర 'పాతది పారేయకు' అనే కరపత్రం ఉంది. ఓడలో వంటవాడొకడు ఇచ్చాడు. అందులో స్పష్టంగా ఉంది: యంత్రం ముసలిదవ్వదు, దాన్ని ముసలిది చేస్తారు. కొత్తది అమ్ముకోవడానికి పాతదాని నెత్తిన రోజుకో బరువు పెడతారు. అది కుంటితే మనమే సిగ్గుపడి దాన్ని గుంతలో వేసుకుంటాం. ఆ గుంతలోని విషం మన బావిలోకి దిగుతుంది. మన పెండలం దుంపలోకి ఎక్కుతుంది. పాస్టరుగారికి ఇది చదివి వినిపించండి. గట్టిగా వినిపించండి.

నేను పగలంతా మూటలెత్తి, సాయంత్రం కరపత్రాలు పరిచి, పారేసిన కంప్యూటర్ల పొట్ట విప్పి నేర్చుకున్నాను. ఇప్పటికి నాలుగింటిని లేపి నిలబెట్టాను. షెడ్డులో మావాళ్లు నన్ను ఎగతాళి చేస్తారు. మూట ఎత్తినప్పుడల్లా నాకు తెలియకుండానే ఒక కూనిరాగం వస్తుంది. "అదుగో, లోపేటిగాడు యూనియన్ పాట అందుకున్నాడు" అంటారు. అవును, శ్రామికుల పాటే అన్నాను. ఎక్కడ విన్నానో మాత్రం నాకూ తెలియదు.

ఇక పని. ఒకటి, దాని మీద ఏమైనా కప్పారా? కప్పితే తీసేయండి. వేడెక్కిన యంత్రం నిదానిస్తుంది. రెండు, తీగ పీకి, పక్క రేకు విప్పి, సైకిలు పంపుతో లోపలి దుమ్ము ఊదండి. ఫ్యాను రెక్కలు మెత్తటి కుంచెతో తుడవండి. మూడు, మీట నొక్కగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. పిలవని చుట్టాల్లాంటివి. వాటి జాబితా ఎక్కడుంటుందో వెనక కాగితం మీద బొమ్మ గీశాను. టిక్కులు తీసేయండి. నాలుగు, తెర మీద చేపలు ఈదే బొమ్మ పెట్టుకున్నారని అమ్మ చెప్పింది. తీసేయండి. సముద్రం ఒడ్డున కూర్చుని అద్దంలో చేపలెందుకు అత్తయ్యా?

తిట్లు లేకుండానే రాశాను. నా నిగ్రహాన్ని గమనించగలరు.

మీ లోపేటి


హాపై,
30 ఏప్రిల్ 2012

లోపేటీకి,

దేవుడి దయ, ఓడ వేళకే వచ్చింది, ఉత్తరం తడవకుండా అందింది.

నీ కరపత్రం పాస్టరుగారికి వినిపించాను. ఆయన విని, "అబ్బాయిలో ప్రసంగం చేసే లక్షణం ఉంది, గుడి విడిచిపెట్టడం మనకే నష్టం" అన్నారు. గుంత సంగతి ఇక ఎత్తనన్నారు.

అవును, కప్పాను. మీ బాబాయి పంపిన వస్తువు ముందు గదిలో దిగంబరంగా కూర్చుంటుందా? బెరడుబట్ట రెండు మడతలు వేసి కప్పి, దాని మీద మొగలి చాప పరిచి, పైన మీ తాత ఫోటో పెట్టాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. పదేళ్లుగా అలాగే ఉంది. వాడేటప్పుడు ముందువైపు కాస్త పైకెత్తి వాడుకునేదాన్ని. నువ్వు చెప్పావని అంతా తీసేశాను. ఇప్పుడు గదిలోకి వెళ్లాలంటే నాకే సిగ్గుగా ఉంది.

రేకు విప్పడానికి పక్కింటి పెనిసిమాని వచ్చాడు. నీకు గుర్తేగా, పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, బృందంలో మంద్రం పాడతాడు. మీ తాత దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇంకా పాడుతున్నది ఆయనా, నేనూ, మరో ముగ్గురు ఆడవాళ్లమే. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. నీ ఉత్తరం ముందు పెట్టుకుని, కళ్లజోడు తగిలించుకుని, ఒక్కో వాక్యం కింద గీత గీస్తూ చేశాడు. లోపల ఏముందనుకున్నావ్? చీమలు! ఒక రాజ్యమే పెట్టుకున్నాయి. ఫ్యాను వెనక బల్లి రెండు గుడ్లు పెట్టింది. పెనిసిమాని వాటిని అరచేతిలో పెట్టుకుని, "వీటి సంగతి ఉత్తరంలో లేదే, లెసియెలీ" అని పావుగంట నిలబడ్డాడు. చివరికి కిటికీ గట్టు మీద గూడులా పెట్టాం.

ఊదాక ఫ్యాను విమానంలా మోగింది. ఇప్పుడు సీమపనస కాలే లోపలే తెర వస్తోంది. కానీ పాట తెరవడం మాత్రం ఇంకా నత్తనడకే.

చేపల్ని తీయను. సముద్రంలో చేప నన్ను చూస్తే పారిపోతుంది. ఇవి పారిపోవు.

మీ మేనత్త


నుకుఅలోఫా,
7 మే 2012

అత్తయ్యకి,

చేపల్ని మీకే వదిలేశాను. మేనత్త మాటకి ఎదురు చెప్పకూడదనే కట్టుబాటును కూడా ఏదో ఒక రోజు కరపత్రంలో ప్రశ్నిస్తాను. ఈ ఉత్తరంలో కాదు.

బిస్కట్ల డబ్బాలో దూది మధ్య ఒక చిన్న ఆకుపచ్చ బద్ద ఉంది. అది మెమరీ. ఒక ఆఫీసువాళ్లు పారేసిన యంత్రం నుంచి తీశాను. మీ దాంట్లో అలాంటిదే ఒకటి నిలువుగా గుచ్చి ఉంటుంది, దాని పక్క గాడి ఖాళీగా ఉంటుంది. తీగ పీకాకే, రేకుని ఒకసారి తాకి, గాడి చివర్లలో ఉన్న రెండు చెవులూ టక్కుమనేదాకా బద్దని నొక్కమని పెనిసిమానికి చెప్పండి.

ఆ తర్వాత శుభ్రం చేయడం. ఇక్కడ జాలి పనికిరాదు. కరపత్రం ఎనిమిదో పేజీలో ఉంది: 'పేరులో అక్షరమే లేకుండా ఉత్త అంకెలు మాత్రమే ఉన్న ఫైళ్లు యంత్రం తన పనికి పెట్టుకుని మరిచిపోయిన చెత్త. నిర్దాక్షిణ్యంగా తుడిచేయండి.' వెతికే గడిలో ఎలా వెతకాలో బొమ్మ గీశాను. దొరికినవన్నీ తుడిచి, తెర మీది చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి. చివరగా, చెదిరిన ముక్కల్ని ఒకచోట సర్దే పని ఒకటి ఉంటుంది, దాన్ని మొదలుపెట్టండి. పాత యంత్రం కాబట్టి చాలాసేపు పడుతుంది. మధ్యలో ఆపొద్దు.

నూరేళ్ల పండుగకి నన్ను పిలవడం లేదని అమ్మ బాధపడుతోందట. మీరు పిలిచినా నేను రాను. రెండేళ్ల కిందట గుడిలో ముందు వరస కుర్చీలు ఊరి దొరలకేనా, ఎవరు ముందొస్తే వాళ్లవి కావాలి అని సభలో లేచి అడిగితే నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు, బయటికొచ్చాను. ఆ పాటలన్నీ ఆ కుర్చీల ముందు చేతులు కట్టుకుని పాడినవే కదా. పోతే పోనీ అనిపిస్తుంది ఒక్కోసారి. యంత్రం మాత్రం బతకాలి!

మీ లోపేటి


నుకుఅలోఫా,
14 మే 2012

అత్తయ్యకి,

మీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేకపోయాను. ఈపాటికి బద్ద ఎక్కించి ఉంటారు. చెత్తంతా పోయి ఉంటుంది. ఎంత తేలిక పడిందో చూశారా? పాత భారాన్ని వదిలించుకుంటే యంత్రమే కాదు, సమాజమూ పరుగెత్తుతుంది. ఎన్ని అంకెల ఫైళ్లు దొరికాయో లెక్క రాయండి, షెడ్డులో మావాళ్లకి చూపించాలి. వందకు తక్కువ ఉండవని పందెం కాశాను.

పెనిసిమానికి నా తరఫున కరచాలనం.

విజయోత్సాహంతో,
లోపేటి


హాపై,
15 మే 2012

లోపేటీ,

కృతజ్ఞతలు దేవుడికి నేను విడిగా చెప్పుకున్నాను. నీ ఉత్తరంలో ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం మధ్యాహ్నం పెనిసిమాని వచ్చాడు. బద్ద ఎక్కించాడు, రెండు చెవులూ టక్కుమన్నాయి. తర్వాత నువ్వు గీసిన బొమ్మ ప్రకారం అంకెల పేర్లున్నవి వెతికాడు. నేను వంటింట్లో చేమాకు పొట్లాలు కడుతున్నాను. "దొరికాయి లెసియెలీ, తుడిచెయ్యమన్నాడు, తుడిచెయ్యనా?" అన్నాడు. "అబ్బాయి చెప్పింది చెయ్యి" అన్నాను. చేశాడు. చెత్తబుట్ట ఖాళీ చేశాడు. సర్దే పని మొదలుపెట్టి ఇంటికెళ్లాడు. తెర మీద రంగురంగుల గీతలు కదులుతుంటే నేనే కూర్చుని చూశాను.

ఆదివారం తెల్లవారి గుడిలో మొదటి గంట కొట్టేసరికి అది ఇంకా పని చేస్తూనే ఉంది! పక్కింట్లో బట్టకోసం బెరడు కొట్టే చప్పుడు లేదు, సముద్రంలో పడవ లేదు, ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చున్న రోజున నా ఇంట్లో ఒక యంత్రం చాకిరీ చేస్తోంది. మధ్యలో ఆపొద్దని నువ్వు రాశావు. పనే చేయొద్దని అంతకంటే పైవాడు రాశాడు. తీగ పీకేశాను.

సోమవారం పాటలు తీద్దామని చూస్తే లేవు. ఒక్కటీ లేదు.

మీ తాత పాటలకి పేర్లెక్కడివి? ఆయన పాటకి పేరు పెట్టేవాడే కాదు. "పై గొంతు మొదటి నాలుగంకెలే దాని పేరు" అనేవాడు. నేనూ అలాగే దాచాను. 5567. 3578. 7785. పదకొండు పాటలు, పదకొండు అంకెల పేర్లు. ఆ చెత్త అదే.

'పోతే పోనీ' అని నువ్వే రాశావు. నీ ఉత్తరం నా ముందే ఉంది. గుడి మీద కోపం ఉంటే గుడితో తేల్చుకో. చచ్చిపోయిన మనిషి పాటలతోనా తేల్చుకోవడం?

పెనిసిమాని రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. బల్లిగుడ్ల పక్కన కూర్చుని ఉన్నాడు.

లెసియెలి


నుకుఅలోఫా,
21 మే 2012

అత్తయ్యా,

మేనత్త ముందు గొంతు ఎత్తకూడదు కాబట్టి నేల మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం చిరిగితే కలం తప్పు.

నేను కావాలని చేయలేదు. తాత మీద ఒట్టు. 'పోతే పోనీ' అన్నది కోపంలో వచ్చిన మాట. కోపంలో నేను రాసే మాటల్లో సగం నావి కావు, కరపత్రాలవి. ఆ ఎనిమిదో పేజీ రాసినవాడు ఎవరో గానీ వాడు అంకెల్లో పాట పాడని దేశంవాడు. వాడికి 5567 చెత్తే. నాకెలా చెత్త అయింది? ఆ అంకెల మీదే కదా నేను నడక నేర్చుకున్నది! వాడు రాశాడు, నేను తల ఊపాను. దొరల ముందు తల ఊపేవాళ్లని తిట్టి, అచ్చు అక్షరం ముందు నేను చేసింది అదే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మీట నొక్కొద్దు. చూద్దామని కూడా నొక్కొద్దు. తుడిచినంత మాత్రాన పాట పోదు. ఇంటి తలుపు మీద పేరు చెరిగింది, లోపల మనిషి ఉన్నాడు. ఆ ఇంట్లోకి వేరేవాళ్లు దిగేదాకా ఉంటాడు. మీట నొక్కితే వేరేవాళ్లు దిగడం మొదలవుతుంది.

యంత్రాన్ని ఓడ ఎక్కించి పంపండి. తెర అక్కర్లేదు, డబ్బా చాలు. నిలువుగా ఉంచమనండి. పెనిసిమానిని అన్నం తినమనండి. తప్పు ఆయనది కాదు. చెప్పింది చెప్పినట్టు చేసినవాడిది కాదు, తెలియకుండా చెప్పినవాడిది.

పోయినవారం ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. విజయోత్సాహంతో అని ముగించింది. దయచేసి దాన్ని పొయ్యిలో వేయండి.

లోపేటి


హాపై,
28 మే 2012

లోపేటీకి,

ఇన్నాళ్లు మమ్మల్ని నిలిపినవాడికి కృతజ్ఞత. చూశావుగా, ఆ మాట మళ్లీ రాశాను.

నీ విజయోత్సాహం పొయ్యిలో వేయలేదు. పెట్టెలో దాచాను. నీ పెళ్లిలో చదివిస్తాను.

డబ్బాని ఈ ఓడకే పంపుతున్నాను. పెద్ద ఊరికి వెళ్తోంది కాబట్టి చుట్టూ బెరడుబట్ట చుట్టి, పైన మర్యాదకి నడుముచాప కట్టాను. నడుముచాప లేకుండా మన ఇంటివాళ్లెవరూ నుకుఅలోఫాలో దిగలేదు, ఇదీ దిగదు. ఓడ దిగాక అవన్నీ విప్పేసే వాడుకో, ఊపిరాడదంటావు కదా. పెనిసిమాని రేవు దాకా మోసుకొచ్చాడు. "కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి" అని ఓడవాళ్లకి పదిసార్లు చెప్పాడు. "లోపల ఎవరు తాతా?" అని వాళ్లడిగితే "మా గురువుగారు" అన్నాడు. ఓడవాళ్లు టోపీలు తీసేశారు.

మేం ఊరికే కూర్చోలేదు. బృందాన్ని గుడిలో కూర్చోబెట్టి, నల్లబల్ల తుడిపించి, గుర్తున్నవాళ్లు గుర్తున్నంత పాడండి అన్నాను. మొదటి రోజు గుర్తొచ్చినదానికంటే కొట్లాటే ఎక్కువ. "అక్కడ ఆరు" అని ఒకరు, "నీ మొహం, అయిదు" అని ఒకరు. మంద్రంవాళ్లకి పెనిసిమాని ఒక్కడే సాక్షి. పోలీసు వాంగ్మూలంలా చెబుతున్నాడు. "ఆ రోజు సాయంత్రం మాస్టారు మూడు అన్నారు. నేను స్వయంగా విన్నాను."

ఎన్ని దొరుకుతాయో రాయి. ఇంకా నాలుగు ఆదివారాలే ఉన్నాయి.

మీ మేనత్త


నుకుఅలోఫా,
4 జూన్ 2012

అత్తయ్యకి,

తొమ్మిది దొరికాయి! తొమ్మిది!

నడుముచాప కట్టుకుని ఓడ దిగిన కంప్యూటర్ని రేవులో అందరూ చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోవాలి. కానీ ఎందుకో గర్వంగానే మోసుకొచ్చాను.

ఇప్పుడొక మాట రాయాలి. రాయడానికి మూడు రోజులుగా పళ్లు నూరుకుంటున్నాను. మీరు మొదలుపెట్టిన ఆ సర్దే పని ఉంది చూశారా, అది ముక్కల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతుంది. జరిపేది ఎక్కడికి? ఖాళీ అనుకున్న ఇళ్లలోకి. అంటే తాత పాటలున్న ఇళ్లలోకి. అది చివరిదాకా నడిచి ఉంటే పదకొండూ పోయేవి. రెండు పాటల మీదికి దిగేసరికి మీరు తీగ పీకారు. మొదటి గంట కొట్టినందుకు, ఆదివారం అయినందుకు మాత్రమే తొమ్మిది మిగిలాయి.

ఆదివారం పని మానడం వెనకబాటుతనం అని నేను ఒక కరపత్రం రాయడం మొదలుపెట్టాను. పదహారు పేజీలయింది. ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

యంత్రాన్ని కూడా సంస్కరించాను. పాత డిస్కు అరిగిపోయింది. షెడ్డులో దొరికిన మెరుగైన దాన్ని పెట్టి, తేలికపాటి కొత్త వ్యవస్థ ఎక్కించాను. ఫ్యానుకి నూనె చుక్క వేశాను. చేపల్ని కూడా తిరిగి పెట్టాను, ఎనిమిది ఉన్నాయి, లెక్క చూసుకోండి. తొమ్మిది పాటల ప్రతులు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, సాధన మొదలుపెట్టండి. 3578, 7785 మాత్రం నా వల్ల కాలేదు. మన్నించండి.

లోపేటి


హాపై,
11 జూన్ 2012

లోపేటీకి,

దేవుడికీ, మొదటి గంట కొట్టిన పాస్టరుగారికీ కృతజ్ఞత. నీ ఉత్తరంలో ఆదివారం గురించి రాసినంత మేరా గుడిలో చదివాను. ఎవరూ నవ్వలేదు, నేనొక్కదాన్నే నవ్వాను.

3578 కూడా దొరికింది. నాలుగు గొంతులూ దొరికాయి, ఒక్కచోట మాత్రం ఆరో అయిదో తేలక ఓట్లు వేశాం. నీకు నచ్చే పద్ధతే.

7785 మీ తాత ఆఖరిది. పై గొంతు నాకు వచ్చు. రెండో గొంతు ఆ ముగ్గురు ఆడవాళ్లకి వచ్చు. మంద్రం పెనిసిమాని చెప్పాడు. మూడో గొంతు, మగవాళ్ల పై గొంతు, ఎవరికీ లేదు. అది పాడినవాళ్లలో ఇద్దరు పోయారు, ఒకడు ఆక్లండ్‌లో ఉన్నాడు, ఫోన్ చేస్తే "అక్కా, నేను పెదాలే ఆడించేవాణ్ణి" అన్నాడు. మూడు గొంతులతో పాడి చూశాం. మూడు కాళ్ల మంచంలా ఉంది.

ఆ మూడు గొంతుల అంకెలూ రాసి పంపుతున్నాను. నిన్ను ఆయన సాధనలో ఎప్పుడూ భుజాల మీద కూర్చోబెట్టుకునేవాడు. అయిదేళ్లవాడివి, నీకేం గుర్తుంటుంది? అయినా చూడు.

ఇంకొకటి. మేనత్తగా నీ దగ్గర ఏదైనా అడిగి తీసుకునే హక్కు నాకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వాడుకోలేదు. ఇప్పుడు వాడుతున్నాను. 24న నాకు నువ్వు కావాలి. కంప్యూటర్ని నువ్వే తీసుకురా. వాదన ఉత్తరాల్లో వద్దు.

మీ మేనత్త


నుకుఅలోఫా,
18 జూన్ 2012

అత్తయ్యా,

ఓడ బయల్దేరడానికి అరగంటే ఉంది. నేనూ, డబ్బా కలిసి శుక్రవారం ఓడకి వస్తాం. ఈ కాగితం ముందు వస్తుంది, సాధనకి కావాలి.

మీరు పంపిన మూడు గొంతుల్నీ షెడ్డు గోడకి అంటించాను. మావాళ్లలో వచ్చినవాళ్లని మూడు గొంతులుగా నిలబెట్టి పాడించాను, ఏమైనా గుర్తొస్తుందేమోనని. ఏమీ రాలేదు. ఫోర్‌మన్ కేకేస్తే మానేసి పనిలో పడ్డాను. వాళ్లు మాత్రం పాడుతూనే ఉన్నారు. నేను మూట ఎత్తాను. ఎత్తినప్పుడల్లా వచ్చే ఆ కూనిరాగం వచ్చింది. వాళ్ల పాట మీద అది వచ్చి, మూతలా కూర్చుంది.

షెడ్డు మొత్తం ఆగిపోయింది. "ఒరేయ్, అది నీ యూనియన్ పాట కదరా!" అన్నాడొకడు. మూట నా నెత్తి మీదే ఉంది, దించడం మరిచిపోయాను.

అత్తయ్యా, ఒంటరిగా పాడితే అది పాటలా ఉండదు, అందుకే ఎప్పుడూ పోల్చుకోలేదు. ఆయన నన్ను భుజాన వేసుకుని నడుస్తూ పాడింది అదే అయ్యుంటుంది. బరువెత్తినప్పుడు వచ్చే రాగం.

5 5 6 5 | 3 3 4 3 | 5 5 6 7 | 8 7 7.

మిగతాది వెనకవైపు పూర్తిగా ఉంది. దీనికి ఓట్లు వేయాల్సిన పని లేదు, ఆరు అంటే ఆరే.

వస్తాను. ముందు వరస కుర్చీల గురించి నా అభిప్రాయం మారలేదు.

లోపేటి


హాపై,
2 జూలై 2012

నా తమ్ముడి కొడుకు లోపేటీకి,

నిన్ను తెచ్చి, మళ్లీ క్షేమంగా ఓడ ఎక్కించిన దేవుడికి కృతజ్ఞత. చేమాకు పొట్లాలు దారిలోనే అయిపోయాయని మీ అమ్మ చెప్పింది. పదిహేను కట్టాను. యూనియన్‌తో పంచుకున్నావని అనుకుంటాను.

ఇప్పుడు మీట నొక్కి, పొయ్యి దగ్గరికి వెళ్లే లోపే తెర వచ్చేస్తోంది. సీమపనస కాల్చుకోవడానికి తీరిక దొరకడం లేదు. పాస్టరుగారు తమ కంప్యూటర్ కూడా నెమ్మదించిందని, నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావని అడిగారు. ఉత్తరాల్లో చెబుతాడు, పెనిసిమాని చేస్తాడు అన్నాను. పెనిసిమాని మాత్రం ఒక షరతు పెట్టాడు. ఇకనుంచి ఏది తుడవాలన్నా, ముందు దాన్ని గొంతెత్తి పాడి చూస్తాడట. రాగం వస్తే తుడవడట. బల్లిగుడ్లు పగిలాయి, రెండు పిల్లలూ కిటికీ మీదే తిరుగుతున్నాయి.

ఒక సంగతి నీకు తెలియదు. ఆఖరి పాటలో నువ్వు కళ్లు మూసుకుని పాడావు. మూడో గొంతు అందుకునేసరికి ముందు వరసలో దొరగారు లేచి నిలబడ్డారు. ఆయన వెనకే ఆ వరసంతా లేచింది. పాట అయ్యేదాకా ఆ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రెండేళ్లు నువ్వు కొట్లాడిన పని నీ కళ్లముందే జరిగింది, నువ్వు చూడనేలేదు.

డబ్బా మీద ఏమీ కప్పడం లేదు, శనివారం దాకా. శనివారం సాయంత్రం తీగ పీకి, బెరడుబట్ట కప్పి, మీ తాత ఫోటో పైన పెడుతున్నాను. సోమవారం తీస్తున్నాను. దానికీ ఆదివారం కావాలి.

పాటలన్నింటికీ అక్షరాల్లో పేర్లు పెట్టాను. 7785కి ఏం పేరు పెట్టాలని బృందాన్ని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. 'లోపేటి మూట పాట'. ఇప్పుడు ఏ కరపత్రం, ఏ పేజీ చదివి దీన్ని తుడవమంటావో నేనూ చూస్తాను.

మీ మేనత్త
లెసియెలి